హాల్లో సముద్రం

జూన్ 2

గాజు ట్యాంకు వచ్చింది. ఆరడుగుల పొడవు. గాజు నా బొటనవేలంత మందం. నలుగురు మోశారు. మెట్ల మలుపులో ఇరుక్కుంది. ముందున్న మనిషి "కాస్త వెనక్కి, ఇంకాస్త వెనక్కి" అంటుంటే బుజ్జి పైనుంచి, "చేతకాకపోతే ఒప్పుకోకూడదు. గీత పడిందో, ఒక్కొక్కడి చేతులు విరగ్గొడతా" అని అరిచాడు. కింది పోర్షన్‌లో ఉండే టైలరమ్మ తలుపు తీసి చూసింది. నేను ఆమెకేసి చూసి నవ్వాను.

గీత పడలేదు. ఎవరి చేతులూ విరగలేదు.

సోఫా తీసేసి ఆ గోడకి ఇనప స్టాండు వేయించాం. సమంగా ఉందో లేదో చూడ్డానికి వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి దాని మీద పెట్టాను. ఒక మూల పల్లం తేలింది. అక్కడ రేకు ముక్క పెట్టించాను. "నీ బుర్ర బుర్రేనమ్మా" అన్నాడు కొడుకు. ఆ మాటని రోజంతా వెంటేసుకుని తిరిగాను.

బుజ్జి అని పిలవొద్దని మొన్న గట్టిగా చెప్పాడు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి నలుగురిలో అలా పిలుస్తారా అని. సరే, నోటితో పిలవను. ఈ పుస్తకం నాది. ఇందులో వాడు బుజ్జే.

జూన్ 4

అక్క ఫోన్ చేసింది. "పనీపాటా లేని కొడుక్కి చేపల తొట్టి కొనిచ్చావా? ఇంకా నయం, ఏనుగు అడగలేదు" అంది. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల్ని హడలగొట్టిన మనిషి, అందర్నీ అలాగే చూస్తుంది.

వాడు పని మానేసి ఏడాది దాటింది. సూపర్‌వైజర్ తల పగలగొట్టాడని వాళ్ళంటారు, అతనే ముందు చెయ్యి చేసుకున్నాడని వీడంటాడు. తలుపేసుకుని గదిలో ఎన్నాళ్ళుంటాడు మనిషన్నవాడు? సముద్రపు చేపలు, పగడాలు పెంచితే మనసు కుదుటపడుతుందని వీడియోల్లో చూశాడట. నన్ను అడిగాడు. అది అక్కకి అర్థం కాదు. అడిగాడు. లాక్కోలేదు.

జూన్ 8

ఉప్పు కలపడం నా వంతు. ఆస్పత్రి ల్యాబులో ఇన్నేళ్ళుగా రక్తాలు కొలిచిన చేతికి సముద్రాన్ని కొలవడం ఒక లెక్కా? డ్రమ్ములో శుద్ధి చేసిన నీళ్ళు, అందులో సముద్రపు ఉప్పు, కలియబెట్టడానికి చిన్న మోటారు. రాళ్ళు మాత్రం బుజ్జి పేర్చాడు. గుహలూ వంతెనలూ మెట్లూ. ఎంత ఓపికగా పేర్చాడో! చిన్నప్పుడు ఇసుకలో ఇలాగే కట్టేవాడు. ఎవరైనా తొక్కితే కరిచేవాడు.

ఇక ఆగాలి. ఆ రాళ్ళలోని కంటికి కనబడని జీవం నీళ్ళని సిద్ధం చేసేదాకా చేపని వేయకూడదు. వేస్తే విషంలో వేసినట్టే. చేపల షాపాయన నవ్వుతూనే చెప్పాడు, "ఇందులో తొందరపడితే శవాలే మిగుల్తాయి సార్" అని.

జూన్ 15

ఎడమ చెవిలో హోరు తగ్గలేదు.

జూన్ 16

రాసుకోకపోతే జరిగిందా లేదా అని నాకే అనుమానం వచ్చేలా ఉంది.

నీళ్ళు పరీక్ష చేసి, ఇంకా అమ్మోనియా ఉంది, ఇంకొన్నాళ్ళు ఆగాలి అన్నాను. కావాలనే అలా చెబుతున్నానన్నాడు. పరీక్ష గొట్టం ఎత్తి చూపించాను. ఆకుపచ్చగా ఉంది, అంటే విషం ఇంకా పోలేదు. చెయ్యి లేవడం చూశాను గానీ దిగడం చూడలేదు. తెలివొచ్చేసరికి ఫ్రిజ్ పక్కన నేల మీద ఉన్నాను. గొట్టం పగిలి ఆ ఆకుపచ్చ నీళ్ళు నా చీర మీద.

తర్వాత వాడే ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చాడు. "నువ్వు అలా మాట్లాడకుండా ఉండాల్సింది" అన్నాడు. మెల్లగానే అన్నాడు. నేనూ కాస్త విసురుగా చెప్పి ఉంటాను. ల్యాబులో కొత్తపిల్లలకి చెప్పినట్టు చెప్పే అలవాటు నాకు.

ల్యాబులో జలుబు చెవిలోకి దిగిందన్నాను. నమ్మారు.

జూన్ 26

లైట్లు బిగించారు. ఈ రోజంతా ఇదే రాయాలనిపిస్తోంది.

పైకప్పుకి కొక్కేలు వేసి, సన్నటి ఉక్కు తీగలతో వరసగా లైట్ల పలకలు వేలాడదీశాడు ఎలక్ట్రీషియన్. మెతకమనిషి. నోట్లో మేకులు పెట్టుకుని మాట్లాడతాడు. వైర్లన్నీ ముందు కిందికి వంగి, తర్వాత పైకి ప్లగ్గు బోర్డులోకి వెళ్ళేలా పెట్టాడు. వైరు వెంట జారిన నీటి చుక్క బోర్డులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుందట. చివర్లో ఒక చిన్న స్విచ్ పెట్టి నన్ను ప్రత్యేకంగా పిలిచాడు.

"అమ్మా, ఇది ట్రిప్ స్విచ్. నీళ్ళలోకి కరెంటు దిగితే టక్కున మొత్తం ఆపేస్తుంది. ఉప్పునీళ్ళు కదా, మామూలు నీళ్ళలా కాదు. ఇది పడిపోయినప్పుడల్లా తిట్టుకోకండి. ఎవరి ప్రాణమో నిలబెట్టింది అనుకోండి."

కిటికీలు మూసి లైట్లు వేశాం. ముందు నీలం. గోడలు పోయాయి, ఇల్లు పోయింది. పైన నీళ్ళు కదిలినప్పుడల్లా రాళ్ళ మీద వెలుగు వలలా సాగుతూ ముడుచుకుంటూ ఉంది. బుజ్జి ముఖం మీద కూడా ఆ వల ఆడుతోంది. నోరు కొంచెం తెరుచుకుని చూస్తున్నాడు. నేను వాణ్ణే చూశాను.

షాపాయన ముందే చెప్పాడు, మొదట లైటు తక్కువగానే పెట్టాలి, వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి అని. నీడపట్టున పెరిగిన పగడాన్ని ఒక్కసారి పూర్తి వెలుతురులో పెడితే తట్టుకోలేదట.

జూలై 5

పగడాలు, చేపలు వచ్చాయి. నారింజ రంగు మీద తెల్ల చారల జంట ఒకటి. బొటనవేలంత నీలం చేప ఒకటి. రాళ్ళని శుభ్రం చేసే రొయ్య ఒకటి. పగడాల్లో ఒకదాని కొసలు సుత్తి ఆకారంలో ఉన్నాయి. ఇంకొకటి తోలు ముక్కలా ఉండి, కాసేపటికి ఒళ్ళంతా పూలు విప్పింది.

"అమ్మా, ఇక్కడ కూర్చో. ఇక్కణ్ణుంచి బాగా కనబడుతుంది" అని తన కుర్చీ నాకిచ్చి నేల మీద కూర్చున్నాడు. అన్నం అక్కడికే తెచ్చుకుని ఇద్దరం ట్యాంకు ముందు తిన్నాం. చారల జంట సుత్తి పగడం వేళ్ళ మధ్య దూరి కళ్ళు మాత్రం బయటపెట్టాయి. వాడు నవ్వాడు. ఆ నవ్వు ఈ ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "మంచిదే" అంది.

జూలై 11

ఆ నీలం చేప పొగరుమోతుది. రొయ్యని ముక్కలు చేసింది. చారల జంటలో చిన్నదాని తోకంతా కొరికేసింది. పొద్దున చూస్తే ఆ చిన్నది తలకిందులుగా తేలుతోంది, ఇంకా మొప్పలు ఆడుతున్నాయి, అయినా నీలంది వదలకుండా దాని కన్ను పొడుస్తోంది.

బుజ్జి వల వేశాడు. అది దొరికితేనా! రాళ్ళు పీకి బయట పడేశాడు, నీళ్ళు నేలంతా పోశాడు. ఆఖరికి దొరికింది. తిరిగి షాపులో ఇచ్చేద్దాం అన్నాను. వాడు దాన్ని గుప్పిట్లో పట్టుకుని దాని ముఖంలోకి చూశాడు. "కొరుకుతావా?" అని అడిగాడు. "ఇప్పుడు కొరుకు." గుప్పిట మెల్లగా బిగించాడు, కోపంగా కాదు, మెల్లగా. లోపలిదంతా వేళ్ళ సందుల్లోంచి వచ్చింది. తర్వాత నేల మీద వేసి మడమతో తిప్పాడు.

నేల తుడిచాను. టైల్స్ సందులో కొంచెం నీలం ఉండిపోయింది.

జూలై 15

లైట్లు మొత్తం పెంచేశాడు. మసక వెలుతురులో ఏం కనబడుతుంది, దీనికేనా ఇంత కష్టపడింది అన్నాడు. షాపాయన మాట గుర్తుచేశాను. ఒక్కసారే గుర్తుచేశాను.

హాలు మధ్యాహ్నపు ఎండలా మండుతోంది.

జూలై 19

సుత్తి పగడం తెల్లబడింది. తోలు పగడం జిగురు కార్చి ముడుచుకుపోయింది. మిగిలినవి ఎముకల్లా నిలబడ్డాయి.

నేను ఉప్పు తప్పు కలిపానన్నాడు. కలపలేదు. ఆ మాటే అన్నాను. జుట్టు పట్టుకుని ట్యాంకు దాకా ఈడ్చుకెళ్ళి ముఖాన్ని గాజుకి అదిమాడు. "చూడు. నీ చేత్తో చంపినవి చూడు." గాజు చల్లగా ఉంది. అటువైపు వెలుతురు కళ్ళలో గుచ్చుతోంది. తర్వాత నడుము మీద తన్నాడు. రెండోసారి తన్నాడు. మూడోసారి తన్నబోయి ఆగాడు. ఆగాడని కూడా రాసుకోవాలి.

సాయంత్రం టైలరమ్మ పైకొచ్చింది, జాకెట్టు కొలత మళ్ళీ తీసుకోవాలని సాకు పెట్టుకుని.

"పైనుంచి ఏదో పడ్డట్టు చప్పుడొచ్చిందక్కా."

"బకెట్ జారింది."

"బకెట్ 'అమ్మా' అని అరుస్తుందా?"

టేపు తీసి నా నడుము చుట్టూ పెట్టింది. నేను ఒళ్ళు ముడుచుకున్నాను. ఆమె టేపు మెల్లగా వదులు చేసింది. కొలత రాసుకోలేదు.

జూలై 22

రెండు రోజులుగా ట్రిప్ స్విచ్ మాటిమాటికీ పడిపోతోంది. లైట్లు ఆరిపోతాయి, మోటార్లు ఆగిపోతాయి. వేస్తే కాసేపు ఉండి మళ్ళీ టక్కుమంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చాడు.

"నీళ్ళలో ఉన్నవాటిలో దేన్నుంచో కరెంటు లీకవుతోంది. నీళ్ళు వెచ్చగా ఉంచే హీటరో, మోటారో. ఒక్కొక్కటీ తీసి చూడాలి. రేపు పూర్తిగా టైం పెట్టుకుని వస్తా."

"రేపటిదాకా చీకట్లో పెట్టాలా? ఆ స్విచ్ తీసేసి డైరెక్ట్‌గా ఇవ్వు" అన్నాడు బుజ్జి.

"అది నేను చెయ్యను బాబూ."

"డబ్బులు తీసుకునేది నువ్వే కదా?"

"డబ్బులకి చెయ్యమంటే వైరింగ్ చేస్తా. హత్య చెయ్యను."

బుజ్జి చేతిలో టార్చ్ ఉంది. దాంతోనే కొట్టాడు, నోటి మీద. మేకులు నోట్లోనే ఉన్నాయి పాపం. పెదవి చీలిపోయింది. అతను మోకాళ్ళ మీద కూలబడి మేకులూ రక్తమూ కలిపి అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. నేను తువ్వాలు ఇవ్వబోతే బుజ్జి నా వైపు చూశాడు. ఇవ్వలేదు.

అతను సంచీ సర్దుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ముద్దముద్దగా అన్నాడు. "ఈ ఇంట్లో ఎలా ఉంటున్నారమ్మా మీరు?"

ఎలా ఉండడమేమిటి? ఇది నా ఇల్లు.

మధ్యాహ్నానికి బుజ్జి వీడియోలు చూసి, ట్రిప్ స్విచ్‌తో సంబంధం లేని తన గదిలోని ప్లగ్గునుంచి వైరు లాక్కొచ్చి లైట్లూ మోటార్లూ హీటరూ అన్నీ దానికే కలిపేశాడు. ఇక ఏదీ ఆగడం లేదు. చాలా బాగా వెలుగుతున్నాయి.

జూలై 25

నిన్న వాడు విసిరిన గాజు గ్లాసు ముక్క గుచ్చుకుని చూపుడువేలు తెగింది. చిన్న గాటే. ఈ రోజు ట్యాంకు లోపలి గోడకి పట్టిన పాచి గీకడానికి ప్లాస్టిక్ స్టూలెక్కి చెయ్యి పెట్టాను. గాటు దగ్గర చీమ కుట్టినట్టయింది. తీశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ కుట్టింది. ఉప్పు మండడం అది కాదు, ఉప్పు మంట నాకు తెలుసు.

హీటర్ గాజు గొట్టం లోపల ఆవిరి పట్టినట్టుంది. సన్నగా చీలి ఉంటుంది.

రబ్బరు చెప్పులతో, ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడ్డాను గనక చీమ. తడి నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి, ఇనప స్టాండు పట్టుకుని ఉంటే చీమ కాదు.

బుజ్జికి చెప్పాలి.

జూలై 26

డ్యూటీలో ఆలస్యమైంది. చెప్పడం కుదరలేదు.

జూలై 27

ఈ రోజు వాడు మంచిగా ఉన్నాడు. పాడుచేయడం ఎందుకు? చెబితే ముందు నా మాట నమ్మాలి. నమ్మితే తను చేసిన వైరింగ్ తప్పని ఒప్పుకోవాలి. ఆ రెండింటికీ మధ్య నా నడుము ఉంటుంది.

అయినా వాడు మామూలుగా నీళ్ళలో చెయ్యి పెట్టడు. తడి పనులన్నీ నావే.

జూలై 29

రబ్బరు గ్లవ్స్ తెచ్చుకున్నాను, మోచేతుల దాకా వచ్చేవి. ఒకటే జత. నా సైజువి.

ఆగస్టు 1

అక్క చెప్పాపెట్టకుండా వచ్చింది. టైలరమ్మ ఫోన్ చేసిందట. నా జాకెట్టు మెడ పక్కకి లాగి చూసింది. తిన్నగా బుజ్జి గదికి వెళ్ళి తలుపు కొట్టింది.

"బయటికి రారా. వచ్చి నా మీద చెయ్యెత్తు చూద్దాం."

నేను వద్దంటూనే ఉన్నాను. తలుపు తెరుచుకుంది. వాడు అక్క జబ్బ పట్టుకుని హాలంతా దాటించి మెట్ల మీదికి నెట్టాడు. అరవై దాటిన మనిషి. మలుపు దాకా దొర్లింది. మణికట్టు వంకర తిరిగిపోయింది. నేను పరిగెత్తుకెళ్తే నా చెయ్యి పట్టుకోకుండా కళ్ళలోకి చూసింది.

"వీడు నిన్ను చంపేస్తాడే."

"నా కొడుకే అక్కా."

"చంపేవాళ్ళందరూ ఎవరో ఒకరి కొడుకులేనే."

కట్టు కట్టించి ఆటో ఎక్కించాను. తనతో వచ్చెయ్యమంది. చేపలకి మేత వెయ్యాలన్నాను. నిజంగా అదే అన్నాను.

ఆగస్టు 3

ఇంట్లో వాడు చెప్పులు వేసుకోడు. చిన్నప్పటినుంచీ అంతే.

ఆగస్టు 4

చెప్పలేదు.

ఆగస్టు 8

అక్క ఇంట్లో ఉన్నాను. ఎడమ కాలర్ ఎముక విరిగింది. కుడిచెయ్యి బాగానే ఉంది, రాయగలను. అక్కకి, డాక్టరుకి, ఖాకీ బట్టల్లో వచ్చిన అమ్మాయికి చెప్పింది వేరు. ఇక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం పొద్దున. ఎవరో స్నేహితుడు ట్యాంకు చూడ్డానికి వస్తున్నాడని బుజ్జి హుషారుగా ఉన్నాడు. చచ్చిన పగడాలు తీసేసి రాళ్ళు కొత్తగా పేర్చాలన్నాడు.

"నేను పేరుస్తాలే" అన్నాను. అన్నాను. అది నిజం.

"నువ్వు వంకరగా పెడతావ్. నేనే చేస్తా."

నేను వంటింట్లోకి వెళ్ళాను. కూరగాయలు ముందేసుకున్నాను. హాల్లో ఇనప కుర్చీ ఈడ్చిన చప్పుడు. చొక్కా విప్పి విసిరిన చప్పుడు. ట్యాంకు మూత తీసినప్పుడు నీళ్ళు ఒలికి నేల మీద పడిన చప్పుడు. అన్నీ విన్నాను. లేచి నీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పాను, ఇంకేమీ వినబడకుండా. గిన్నెలు కడగడానికని చెప్పుకుందామనుకున్నాను. సింకులో గిన్నెలు లేవు.

"అమ్మా, తువ్వాలు!"

కుళాయి హోరులోంచి కూడా వినబడింది. తువ్వాలు తీసుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వాడు నా కోసం ఆగకుండా కుడిచెయ్యి భుజం దాకా నీళ్ళలో పెట్టేశాడు. ఇనప కుర్చీ మీద నిలబడ్డ కాళ్ళు తడిగా ఉన్నాయి. పట్టుకోసం ఎడమచెయ్యి స్టాండు మీద వేశాడు.

అరవలేదు. అరవడానికి నోరు రాదు. పళ్ళు కరుచుకుపోయి గొంతులోంచి గురక లాంటిది వచ్చింది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. స్టాండు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి, వదలాలన్నా వదలవు. కళ్ళు నా వైపే ఉన్నాయి. ఆ మండే వెలుతురులో కళ్ళు నా వైపే ఉన్నాయి.

నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

భయంతో కొయ్యబారిపోయానని అక్కకి చెప్పాను. కొయ్యబారలేదు. నా కాళ్ళు నా స్వాధీనంలోనే ఉన్నాయి. నేను చూస్తున్నాను. ఫ్రిజ్ పక్కన పడున్న నన్ను, గాజుకి అదిమిన నన్ను, మెట్ల మలుపులో అక్కని, అందర్నీ ఒకేసారి చూస్తున్నాను. ఇంకొంచెం, అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. ఇంకొంచెం.

తర్వాత నా చెయ్యి గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్ మీద ఉంది. దించేశాను.

వాడు కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. మూసిన కిటికీల సందుల వెలుతురు తప్ప హాలు చీకటి. మోటార్లు ఆగిపోయిన నిశ్శబ్దం. తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఎడమ అరచేతిలో తోలు కాలి మాంసం కనబడుతోంది. ప్యాంటు తడిసిపోయింది. కాసేపటికి ఊపిరి గట్టిగా పీల్చి, కళ్ళు తెరిచి, "అమ్మా" అన్నాడు. నేను వాడి నుదురు నిమిరాను. ఇంకా కాసేపు అలాగే ఉండిపోతే ఎంత బాగుండేది!

"ఏమైంది?"

"నీళ్ళలో కరెంటు ఉంది. హీటర్ చీలింది."

వాడు మెల్లగా లేచి కూర్చున్నాడు. చూపు ట్యాంకు మీదికి, అక్కణ్ణుంచి స్టాండు అంచున ఆరేసిన నా రబ్బరు గ్లవ్స్ మీదికి వెళ్ళింది. చాలాసేపు అక్కడే ఉంది. నా కొడుకు తెలివితక్కువవాడు కాదు.

"నీకు తెలుసు."

నేను గ్లవ్స్ మీంచి చూపు తిప్పుకున్నాను.

"నీకు ముందే తెలుసు. నువ్వు చూస్తూ నిలబడ్డావ్. నేను చూశా నిన్ను."

లేస్తూనే ఆ ఇనప కుర్చీ ఎత్తాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు నా చెవికే వినబడింది. రెండోది వీపు మీద. మూడోది ట్యాంకు మీద వేశాడు. గాజు పగల్లేదు. కుర్చీ ఎగిరి వెనక్కొచ్చి వాడి మోకాలికే తగిలింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. ఒక మూల పెచ్చు లేచిందంతే. లోపల ఒంటరి చారల చేప అటూ ఇటూ గుద్దుకుంటోంది. వాడు ఏడుస్తున్నాడు, కొడుతున్నాడు. తర్వాత కుర్చీ వదిలేసి నా మీదికి వంగి గొంతు పట్టుకున్నాడు. కాలిన చెయ్యి పట్టు ఇవ్వలేదు. నేను ఆ పచ్చి పుండు మీద నా గోళ్ళు దింపాను. లోతుగా దింపాను. మా ఇద్దరిలో ఎవరు అరిచారో తెలియదు.

టైలరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర. "వదులు. వదల్లేదంటే పొడిచేస్తా" అంది.  వాడు వదిలాడు. నన్ను చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

ఇన్నేళ్ళలో వాడు నన్ను చూసి గడియ పెట్టుకోవడం అదే మొదలు.

ఆగస్టు 9

ఖాకీ బట్టల అమ్మాయి మళ్ళీ వచ్చింది. మర్యాదస్తురాలు. నా మంచం పక్కనే కూర్చుంది.

"మీవాణ్ణి పిలిపించాం పెద్దమ్మా. ఏమంటున్నాడో తెలుసా? మీరే వాణ్ణి చంపాలని చూశారట. కరెంటు పెట్టి. కావాలని."

అక్క మండిపడింది. "కన్నతల్లిని పట్టుకుని ఎంత మాటన్నాడు, నోట్లో పురుగులు పడ!"

"ఆ వైరు లాగింది వాడేనని ఎలక్ట్రీషియన్ కూడా చెప్పాడు లెండి" అంది ఆ అమ్మాయి. "అతను కూడా కేసు పెట్టాడు. మీరు సంతకం పెడితే చాలు. మీ ఇంటి చుట్టుపక్కలకి రాకుండా చూస్తాం."

నేను సంతకం పెట్టాను. అక్క నా తల నిమిరింది. ఒక్క మాట చెబుదామని నోరు తెరిచాను. "నీళ్ళు కావాలా?" అంది అక్క. తాగాను.

ఆగస్టు 14

ఇంటికొచ్చాను. కరెంటు లేక నీళ్ళు కుళ్ళి వాసన. చారల చేప అడుగున మెత్తగా పడి ఉంది. టైలరమ్మా నేనూ గొట్టం పెట్టి నీళ్ళన్నీ బాత్‌రూమ్‌లోకి తోడేశాం. తాళం మార్పించాను. వాడి బట్టలు రెండు సంచుల్లో సర్ది స్నేహితుడి గదికి పంపించాను. ఇస్త్రీ చేసి సర్దాను.

ఆగస్టు 23

ఈ రోజు మధ్యాహ్నం వచ్చాడు. రాకూడదు, అయినా వచ్చాడు. తలుపు కొట్టిన తీరుతోనే తెలిసింది. గట్టిగా కాదు, వేళ్ళ కణుపులతో.

"అమ్మా, నేనే."

గడియ మీద చెయ్యి వేశాను. తీయలేదు.

"ఒక్కసారి తలుపు తియ్. ఏం చెయ్యను. ఒట్టు."

"చెయ్యి ఎలా ఉంది?"

"మానుతోంది. రెండు వేళ్ళు సరిగ్గా ముడవట్లేదు." గొంతు తగ్గించాడు. "అమ్మా, నేను చెప్పింది ఎవ్వరూ నమ్మట్లేదు. నాకే పిచ్చెక్కిందేమో అనిపిస్తోంది. నాకొక్కటే చెప్పు. నువ్వు నిజంగానే చూస్తూ నిలబడ్డావా?"

కింద టైలరమ్మ మిషన్ చప్పుడు ఆగింది. వింటోందేమో. విననీ.

"నిలబడ్డాను."

తలుపు అవతల వాడు నేల మీద చతికిలబడ్డట్టున్నాడు, చప్పుడైంది. 

"మరి ఎందుకు ఆపావ్?"

"తెలీదురా."

"తెలీకపోవడం ఏంటి?"

"తెలీదు బుజ్జీ. తెలిస్తే చెప్పనా?"

బుజ్జి అన్నందుకు కోప్పడలేదు. ముక్కు ఎగబీల్చుకున్నాడు. "నేనింక చెయ్యెత్తను. డాక్టర్ దగ్గరికి వెళ్తా, నువ్వు ఎక్కడికి వెళ్ళమంటే అక్కడికి. నన్ను చూసి భయపడకు. తలుపు తియ్యమ్మా."

వాడు నన్ను కొడతాడని తలుపేసుకున్నానని అక్క అందరికీ చెబుతోంది. నేనూ అదే అనుకున్నాను, ఇప్పటిదాకా. గడియ మీద ఉన్న నా చేతిని చూశాను. ఏమాత్రం వణకడం లేదు.

"నిన్ను చూసి కాదురా భయం" అన్నాను. "నువ్వు మళ్ళీ కొడతావో కొట్టవో నాకు తెలీదు. ఈసారి మాత్రం నేను ఆ స్విచ్ దాకా వెళ్ళను. అది తెలుసు. డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఈ ఇంటికి మాత్రం రాకు. వెళ్ళిపో నాన్నా."

వాడు లేచి, గోడ పట్టుకుని దిగుతున్నట్టు మెల్లగా మెట్లు దిగాడు. కింద గేటు చప్పుడైంది. టైలరమ్మ మిషన్ మళ్ళీ మొదలైంది.

తలుపుకి ఆనుకుని నిలబడ్డాను, ఏడుపొస్తుందేమోనని. రాలేదు. ఆకలి వేసింది. కంచంలో అన్నం పెట్టుకుని, నేల మీద కూర్చుని, కడుపు నిండా తిన్నాను.